వాలు

డాసన్‌లో ఆ రాత్రి సూర్యుడు దిగలేదు.
పదకొండున్నరకి కొండ భుజమ్మీద కూచుని
బాకీ వసూలుకొచ్చినవాడిలా మమ్మల్నే చూస్తున్నాడు.
మా బండికి కావలసిన బెల్టు వైట్‌హార్స్ నుంచి రావాలి,
రెండు రోజులన్నారు.
చెక్క కాలిబాట వెంట నడిచీ నడిచీ
జూదశాలలో దూరాను.

లోపల గడియారం లేదు. బయటా లేనట్టే.

బంగారం కోసం పరిగెత్తుకొచ్చినవాళ్లు
గడ్డకట్టిన నేలమీద కట్టేసి పోయిన ఊరు.
నేల ఇప్పుడు కరుగుతోంది.
ఒక్కో ఇల్లూ పక్కింటి చెవిలో
ఏదో చెప్పబోతున్నట్టు ఒరిగింది.
జూదశాల నదివైపు ఒరిగింది.
ముక్కలు పంచే ఒడెట్ నిలబడేదీ అటే.
ఎవరి చేజారిన బిళ్ళయినా
దొర్లి దొర్లి ఆమె బూటు దగ్గరికే చేరుతుంది.
"నేల కూడా మా పక్షమే" అని నవ్వింది
క్యుబెక్ యాసలో, ముక్కలు కలుపుతూ.

నా పక్కన లుడ్విక్. డెబ్బై దాటుంటాయి.
గోళ్లలో నల్లమట్టి,
ఎడమచేతికి మూడున్నర వేళ్లు.
ఐదు డాలర్ల బిళ్ళ పెట్టేముందు
అరచేతిలో దాని బరువు చూస్తాడు.
ముప్పై ఏళ్లు వాగు ఇసుక జల్లించిన చెయ్యి
ఊరికే ఉండలేదు.
పదహారు మీద ఇంకో ముక్క అడిగాడు. పోయింది.
మళ్లీ పదహారు. మళ్లీ అడిగాడు.
"ఆగొచ్చుగా" అన్నాను.
"ఆగేవాణ్ణయితే ఈ ఊళ్లో ఎందుకుంటాను?"

నాకూ పాచిక పారలేదు.
కిటికీ అవతల యూకాన్ మాత్రం
ఎవరి పందెమూ అడక్కుండా పారుతూనే ఉంది.
నా చివరి బిళ్ళ జారి, దొర్లి,
ఒడెట్ బూటుక్కూడా అందకుండా
పలకల సందులో పడిపోయింది.

పొద్దున, అంటే అదే వెలుగు కాస్త పక్కకి జరిగాక,
జూదశాల కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.
వెల్లకిలా పడుకుని జాకీ తిప్పుతున్నాడు లుడ్విక్.
వేసవంతా వారానికోసారి
నదివైపు మూలని పావంగుళం పైకెత్తాలట.
గంటకి ఇరవైరెండు డాలర్లు.
"రాత్రి వీళ్లకిచ్చింది పగలు తెచ్చుకుంటా.
లెక్క ఎప్పుడూ కొంచెం తక్కువొస్తుంది."

పాక్కుంటూ వచ్చి రేకుడబ్బా తెరిచాడు.
తలపిన్నులు, ఇత్తడి గుండీ, ఎవరిదో ఉంగరం,
తడిసి ఉబ్బిన ఇస్పేటు రాణి,
నా బిళ్ళ.
చొక్కాకి తుడిచి ఇవ్వబోయి, ఆగి,
బరువు చూశాడు.

"నదివైపు దొర్లితే నాది."

గుమ్మం లోపలి పలకమీద
బిళ్ళని నిలువుగా నిలబెట్టి వేలు తీశాడు.
ఇద్దరం గొంతుక్కూచుని చూశాం.
ఒడెట్ కూడా చీపురాపి చూసింది.
అది కదల్లేదు.

"ఛ" అన్నాడు లుడ్విక్,
"పని మరీ బాగా చేశాను."