కానాగంత రంగు

తెల్లారి నాలుగున్నర. ఫిషింగ్ హార్బర్.
మరపడవలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి
నిద్ర చాలని కూలీల్లా ఊగుతున్నాయి.
కొండ మీది లైట్‌హౌస్ దీపం
తిరిగినప్పుడల్లా నా తెల్ల కాగితం చూసి
ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు వెళ్ళిపోతోంది.

పీతల బుట్ట బోర్లించి కూర్చున్నాను.
మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద నూలు కాగితం,
పళ్ళ మధ్య ఉడుత వెంట్రుకల కుంచె.
గరికిన నూకరత్నం ఐసు తొట్టిలో మోచేతిదాకా ముంచి
ఒక కానాగంతని తోక పట్టి తీసి నా ముందు పెట్టింది.
"బేగి గీసీ బాబూ. ఇది ఆగదు."

ఆ వీపు మీది పచ్చదనం
నా దగ్గరున్న ఏ గొట్టంలోనూ లేదు.
నీలంలో పసుపు కలిపితే అరటాకు వస్తుంది,
చిటికెడు మట్టిరంగు వేస్తే పాచి,
నీళ్ళెక్కువైతే పెసరకట్టు.
నేనింకా కలుపుతూనే ఉన్నాను,
చేప నా కళ్ళముందే బూడిద రంగులోకి జారుకుంది.
ఈ ఏడాదికి ఇది ముప్పై రెండోది.
ఇంట్లో పెట్టె నిండా శవాలే, చక్కగా పొలుసులతో సహా.

"సచ్చినాక గీత్తే సచ్చిన సేపే వత్తాది మరి.
వలలో ఎగిరినప్పుడు సూడాల దీని రంగు."
"నువ్వు చూశావా?"
"నానెక్కడ సూత్తాను? ఆడోళ్ళని పడవెక్కనిత్తారేటి?
మా ఆయన సెప్పీవోడు."
"ఏమని?"
తను చాలాసేపు ఆలోచించింది.
చేతిలో చేప, చేప నోట్లోంచి నీటి బొట్టు.
ఏదో చెప్పబోయింది కూడా.
ఇంతలో స్కూటరు ఆపి ఒకాయన వంగాడు.
"వాటా నూటేభై, తగ్గేది నేదు," అంది.
నాకు రావలసిన జవాబు అక్కడితో సరి.

ముప్పై మూడోది మొదలుపెట్టానో లేదో
ఐసు మోసే కుర్రాడి కాలు తగిలి
నా నీళ్ళ సీసా దొర్లిపోయింది.
నూకరత్నం అటు తిరక్కుండానే
తొట్టిలోంచి ఒక గ్లాసెడు ముంచి ఇటు తోసింది,
సగం ఐసు, సగం సముద్రం,
అడుగున ఒకటి రెండు పొలుసులు.
వేరే దారి లేక దాంట్లోనే కుంచె ముంచాను.

కోటవీధిలో మా డాబా మీద
ఆ బొమ్మ మధ్యాహ్నం దాకా ఆరలేదు.
ఈ ఊరి గాలికి ఏదీ ఒక పట్టాన ఆరదు.
పోర్టు బొగ్గు నలుసులు ఎప్పట్లాగే వచ్చి వాలాయి,
ఊదితే పోవు, తుడిస్తే మరకలౌతాయి.
వాటి పక్కనే, నేను వెయ్యని చోట,
ఉప్పు పూసింది.
ఒక్కో కణం చుట్టూ ఉన్న రంగుని తనవైపు లాక్కుని
తిన్నగా గీసిన నల్లచారల్ని చెదరగొట్టి వణికించింది.
ఆ పచ్చ అక్కడుంది.
నేను కలిపింది కాదు.

కిందికెళ్ళి టీ తాగి వచ్చేసరికి
పక్కింటి మూడు కాళ్ళ పిల్లి
కళ్ళు మూసుకుని దాని వీపు నాకుతోంది.
అదిలించబోయి చెయ్యి దించేశాను.
మిగతా ముప్పై రెండింటిని ఎన్నిసార్లు ఎండబెట్టలేదు,
ఒక్కదాన్నీ అది వాసనైనా చూడలేదు.

మర్నాడు హార్బర్‌కి పట్టుకెళ్ళాను.
నూకరత్నం చీరకి చెయ్యి తుడుచుకుని అందుకుంది,
పొద్దు పొడిచేవైపు తిప్పి చూసింది,
బొగ్గు నలుసుని గోటితో గీకి చూసింది,
రంగు గురించి ఒక్క మాటా అనలేదు.
"సగం ఎవులు తినీసినారు?" అని మాత్రం అడిగింది.