గంటా యాభై ఎనిమిది

పగలు డోన్ డిపోలో బస్సుల టైము రాస్తాను.
ఎనభై దాటకుండా గొంతు బిగించిన బస్సులు.
ఏడు నిమిషాలు ఆలస్యమైతే
డ్రైవరు మొహం చూడకుండా ఎర్ర సిరాతో రాస్తాను.

ఆ రాత్రి దస్తగిరి పక్క సీట్లో కూచుని
నిమిషాలు కాదు, సెకన్లు రాసినాను.

కర్నూలు పొలిమేర నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా
రెండు గంటల లోపల.
పందెం ఎవరితోనూ కాదు. గెలిస్తే ఇచ్చేవాడు లేడు.
ఎవరో హైదరాబాదు పిల్లోడు
రెండు గంటలా మూడు నిమిషాల్లో పోయినాడని
మెకానిక్ షెడ్డులో ఒక మాట. అంతే.

దాని రుచి చెప్పకపోతే అబద్ధమవుతుంది.
వెల్దుర్తి దాటినాక ఇంజను గొంతు మారుతుంది.
నూట యాభై కాడ స్టీరింగు వణుకు ఆగిపోతుంది.
అప్పులోళ్ళు, ఆడిటు, ఇంట్లో మూడు రోజుల మౌనం
ఒక్కొక్కటే వెనకద్దంలో లారీ లైటంత చిన్నవైపోతాయి.
గుత్తి కొండ చీకట్లో లేచి నిలబడి,
కోట గోడ ఏదో తెలిసే లోపలే
భుజం వెనక్కి పోతుంది.
దస్తగిరి మాట్లాడడు. మామూలుగా నోరు మూయని మనిషి.
ఇంజను విప్పేటప్పుడు కూడా
వాడంత నిమ్మళంగా ఉండగా నేను చూడలేదు.

పామిడి ఇవతల రెండు లారీలు
ఒకదాన్నొకటి దాటలేక రోడ్డంతా ఆక్రమించుకున్నాయి.
ఎడమకు కొట్టినాడు.
తెల్ల గీత అవతల, లైట్ల వెలుతురులో
బుడ్డలు.
ఆరబోసిన బుడ్డలు, హద్దుకు పెట్టిన రాళ్ళు,
పట్ట కప్పిన కుప్ప, కుప్ప పక్కన
దుప్పటి కింద పొడుగాటి ఆకారం ఒకటి.
టైర్ల కింద పటపటమని
నవ్వులాంటి చప్పుడు.
రోడ్డు మళ్ళీ మాది.
"ఏమన్నా తగిలిందా?"
"బుడ్డలు" అన్నాను. గడియారం ఆపలేదు.

గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు.
చెక్‌పోస్టు కాడ టీ తాగుతుంటే చేతులు వణికినాయి.
సంతోషంతోనే.
టైరు గాట్లలో ఇరుక్కున్న పొట్టును
స్క్రూడ్రైవరుతో గీకుతుంటే పగలని గింజ ఒకటి దొరికింది.
నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉండింది.

శుక్రవారం బస్సులో పోయి దిగినాను.
పేరు సుంకులమ్మ. బుడ్డలు గోనెలకెత్తుతోంది.
ఆమె చేసిందీ తప్పే, నాకు తెలుసు.
హైవే ఎవరి కళ్ళమూ కాదు.
ఆ రాళ్ళకు తగిలి పడిన బైకులోళ్ళూ ఉంటారు.
దస్తగిరి ఆ మాటే పట్టుకున్నాడు,
ఆమెవి నాలుగు రాళ్ళు, మనవి నాలుగు చక్రాలు, చెల్లుకు చెల్లని.
కావచ్చు.
వాడి కాళ్ళు వాడు ఒడ్డినాడు, నా కాళ్ళు నేను.
నిద్రపోతున్న మనిషి కాళ్ళు
పందెంలో పెట్టింది ఎవరు?

రెండు సేర్లు కొలిపించుకుని నూరు ఎక్కువిచ్చినాను.
లెక్కపెట్టి వెనక్కి చేతిలో పెట్టింది.
ఈడ తొక్కినట్టున్నారే ఎవరో, అన్నాను,
నేల చూస్తూ.

"యాదో కారు నాయనా. కాళ్ళ పక్కనుంచే పాయె.
అంత బిరీన పోతాండారంటే
ఎవురికో కానుపు కష్టమై ఉంటాది, పాపం.
బతికిందో లేదో."

బతికింది అందామనుకున్నాను.

బస్సొచ్చింది, పదకొండు నిమిషాలు ఆలస్యంగా.
డ్రైవరు నన్ను గుర్తుపట్టి
లారీలడ్డమొచ్చినాయి సార్, అని మొదలుపెట్టినాడు.
పోనీలే, నిదానంగానే పోనీ, అన్నాను.
అద్దంలో రెండుసార్లు చూసినాడు నా వైపు.

ఫోనులో ఆ అంకె చెరపలేదు.
అమాసకు మళ్ళీ పోదామంటున్నాడు దస్తగిరి,
గంటా యాభై ఐదవుతుందంటాడు.
అవుతుంది కూడా, లెక్క నాకు తెలుసు.
వస్తానని చెప్పలేదు.
రానని కూడా ఇంకా చెప్పలేదు.