పాపిట

ధర ఉండాల్సిన చోట
"ఎప్పటికీ" అని ఉంది.
రేపు రేటు పెరిగినా ఈ బిళ్ళ చెల్లుతుందని
దానర్థం, అంతే.
పొద్దుటినుంచీ కౌంటరు దగ్గర
అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాను.

బయట మార్చి నెల.
మంచు సగం కరిగి, సగం బురద.
నిన్న హైస్కూలు జిమ్ములో ఆవిష్కరణ.
బాస్కెట్‌బాల్ వల కింద
నీలం గుడ్డ కప్పిన పెద్ద బొమ్మ.
వాషింగ్టన్ నుంచి వచ్చినాయన
మా ఊరి పేరు రెండుసార్లు తప్పు పలికాడు.
ట్రాంబోన్ ఊదే పిల్లాడికి జలుబు.

గుడ్డ లాగగానే ఆవిడ.
దాణాకొట్టువాళ్ళ రెండో అమ్మాయి,
నాలుగేళ్ళు శ్వేతసౌధంలో
ఎవరెవరికో టీ పోసి తిరిగొచ్చిన మనిషి,
తలుపంత ఎత్తున నవ్వింది.

చప్పట్లు ఇంకా ఆగలేదు.
ముందు వరసలోంచి ఎల్డన్ ప్రూయిట్,
చెవుడు కదా, గట్టిగానే అన్నాడు:
"పుట్టుమచ్చ ఆ చెంప మీద కాదే!"

ఇంక చూసుకోండి.
పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద,
పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి కూడా అదే మాట.
ఫోటో తిరగేసి అచ్చేశారు.
కుడివైపు పాపిట ఎడమకి పోయింది.
చరిత్ర సంఘం కార్యదర్శి
మూడు పేజీల ఫిర్యాదు రాసింది.
కవరు మీద అంటించింది మాత్రం
ఈ బిళ్ళే.

నాలుగింటికి పావుగంట ముందు
ఆర్డిత్ క్లింగర్ వచ్చింది.
ఎనభై ఆరేళ్ళు.
కత్తెర పట్టీ పట్టీ
బొటనవేలు ఇప్పటికీ పక్కకే చూస్తుంటుంది.
ఆవిడ సెలూనున్న చోట
ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తారు.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు, గురువారం గురువారం,
ఆ వాకిట్లో ఒక నల్లకారు
ఇంజను ఆపకుండా నిలబడేది.

సంచిలోంచి భూతద్దం తీసింది.
చాలాసేపు చూసింది.
వెనక లైన్లో ఎవరో దగ్గారు.
నేనే ముందు నోరు విప్పాను:
"పొరపాటైందండీ, బొమ్మ తిరగబడింది..."

"తిరగబడిందా?" అంది, తలెత్తకుండా.
"నేనెప్పుడూ ఆవిడ వెనకాలే కదయ్యా నిలబడింది.
మేం మాట్లాడుకున్నదంతా అద్దంలోనే.
మొగుడి మీద కోపాలు, మోకాళ్ళ నొప్పులు,
ఒకసారి ఏడుపు,
అన్నీ అద్దంలోనే.
ఇదిగో, ఈవిడే."

కాసేపాగి, వేలితో కౌంటరు చెక్క గీకుతూ:
"ఎదురుగా నిలబడి దువ్వింది ఒక్కరోజే.
పెట్టెలో పడుకోబెట్టాక పిలిచారు.
పాపిట తీయబోతే చెయ్యి అటు పోయింది.
చెరిపి మళ్ళీ తీశాను.
అయినా ఎవరికో తీసినట్టే ఉంది."

లైన్లో దగ్గు ఆగిపోయింది.

ఇరవై బిళ్ళల షీటు చూపిస్తే
"ఒకటి చాలు" అంది.
చిల్లర లెక్కపెట్టింది.
అలవాటుకొద్దీ నాలుక చాపి,
ఇప్పటివి ఒలిచి అంటించేవే కదా అని గుర్తొచ్చి
నాలుక లోపలికి తీసుకుంది.
కవరులో కరెంటు బిల్లు.
"తెలిస్తే ఊరుకునేది కాదు.
నా మొహం కరెంటాఫీసుకా, అనేది."

ముద్ర మెల్లిగా వెయ్యమంది.
మూలకి వేద్దామనే చూశాను.
రోజుకి ఎన్ని వందలు కొట్టే చెయ్యో ఇది,
దానికి మెల్లిగా అంటే తెలీదు.
తేదీ అంచు జారి నుదుటి మీద పడింది.
నేను ఇంకో బిళ్ళ తీయబోయాను.
ఆర్డిత్ వద్దంది.
ఆ వంకర బొటనవేలితో
ఆరని సిరాని
మెల్లిగా
ఆవిడ చెవి వెనక్కి తోసింది.