ఎర్తు

టక్.
అంతే. ఆ ఒక్క ముక్కే మాట్లాడింది బండి.

బడుగువానిలంకలో పుష్యమాసం, తెల్లారుజాము నాలుగు.
మంచు ఏటిమీంచి లేచి
అరటితోటలో ఆకాకునీ తడిమి
నా అంబాసిడరు బానెట్టు మీది గోనెపట్టా దాకా వచ్చింది.
వెనక సీటు పీకేసి వేసిన చెక్క మీద
నూకరత్నం, ఆమె చామంతి గంపలు పదకొండు.
అయిదున్నరకల్లా కడియపులంక చేరకపోతే
పువ్వు పువ్వులాగే ఉంటుంది,
రేటు మాత్రం రేకులు రాల్చేస్తుంది.

మళ్లీ తిప్పాను తాళం. టక్.

నెల్రోజులనించీ దీనికి ఈ చలిరోగం.
మధ్యాహ్నమైతే ఏ పేచీ లేదు.
రావులపాలెంలో సుభానీ షెడ్డు ముందు
పదకొండింటికి తాళం పెడితే చాలు,
మేష్టారికి ఎక్కం అప్పజెప్పే పిల్లలా గడగడా అందుకునేది.
"రోగమే లేదు కదా ఏసుపాదం" అనేవాడు,
అంటూనే ఏదో ఒకటి మార్చేవాడు.
ముందు హీటరు ప్లగ్గులు, నాలుగూ.
తర్వాత డీజిలు ఫిల్టరు.
ఎయిరు పట్టిందేమోనని చేతిపంపు నొక్కీ నొక్కీ
నా బొటనవేలు కాయ కాసింది.
ఆఖరికి కొత్త బ్యాటరీ, వాయిదాల మీద.

ఇంట్లో నా వైద్యం నాది.
టెర్మినళ్ల చిలుము మీద వేణ్ణీళ్లు పోశాను.
రాత్రిళ్లు ఇంజనుకి మా అత్తగారి రగ్గు కప్పాను.
అవతల గదిలో ఆవిడ దగ్గుతోంటే
బండే దగ్గిందనుకుని ఆశగా లేచి కూర్చునేవాణ్ణి.

టక్.

"పాదం, ఆ లైట్లు చూడు" అంది నూకరత్నం
గంపల మధ్యనించి దిగకుండానే.
"చూశా. బానే వెలుగుతున్నాయి."
"అదే అంటున్నా. నువ్వు తిప్పినప్పుడు
ఆటికి చీమ కుట్టినట్టైనా లేదు.
బ్యాటరీ సచ్చిందైతే అయ్యీ కళ్లు మూసుకోవాలి గదా."

ఇరవయ్యారేళ్ల స్టీరింగు నాది.
నోట మాట రాలేదు.

"పోయినేడు మా బోరు మోటరూ ఇంతే.
స్టార్టరు మార్చాం, కెపాసిటరు మార్చాం,
లైనుమేను వచ్చి మమ్మల్నే తిట్టి పోయాడు.
మా ఆడపడుచు ఎర్తు గుంటలో
రెండు బిందెల నీళ్లు, దోసెడు ఉప్పు పోసింది.
లేచి కూచుంది.
కారుకి ఎర్తు ఎక్కడుంటాదేటి?"

నవ్వబోయాను. సగంలో ఆగింది నవ్వు.
లంకమన్నులో బెత్తెడు దిగబడినా
నాలుగు రబ్బరు కాళ్ల మీద
భూమికి అంటకుండా బతికేది ఇది.
దానికి భూమంటే
ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య
జడలా అల్లిన జానెడు రాగి పట్టీ.

ఫోను లైటు పళ్లతో కరుచుకుని కిందకి దూరాను.
ఉంది. ఉందన్న పేరుకి.
జడ జడంతా పచ్చగా చివికి
మూడు పోగుల మీద వేలాడుతోంది.
పగటి ఎండకి సాగి ఎలాగో అంటుకునేది కాబోలు,
రాత్రి చలికి ముడుచుకుని చెయ్యి వదిలేసేది.
ఎన్ని రేవులు దాటించాను దీన్ని పంటు మీద,
ఎన్ని వరదలు తాగించాను.
పైన తుడిచాను, అద్దాలు మెరిపించాను,
కిందకి ఎన్నడు వంగాను?

పూలకాడలు కోసే చాకు అందించింది నూకరత్నం.
బోల్టు కింద తుప్పు గీకాను, ఇనుము తెల్లబడేదాకా.
జంపరు వైరు ముక్క కోసి
ఇటు ఇంజనుకీ అటు ఛాసిస్‌కీ బిగించాను.
మంచుకి తడిసిన స్పానరు
కొర్రమీనులా చేతిలోంచి జారిపోతోంది.

తాళం.
గొంతు సవరించుకుంది. ఒణికింది. అందుకుంది.
తెల్లటి పొగ వెళ్లి మంచులో కలిసి
ఏది ఏదో తెలియకుండా పోయింది.
అరటిచెట్లలో కాకులు లేచి తిట్టుకున్నాయి.
నూకరత్నం ఏమీ అనలేదు,
వీపు గంపకి ఆనించి "పోనీ" అంది.

ఏటిగట్టు మీద, ఎడమవైపు, ఏరు కనబడలేదు.
పక్కనే ఉందని నమ్మి పోవడమే.
ఇంజను వేడి పాదాలకి తగులుతోంటే లెక్కేసుకున్నాను:
ఎర్తు వైరు, డిక్కీలో పడున్న ముక్కే, సున్నా రూపాయలు.
బ్యాటరీకి
ఇంకా మూడు వాయిదాలు.