పాప్లిన్ చప్పుడు

తెల్లారకముందే భువనగిరి దాటినం.
వారమంత బడిపిల్లల్ని మోసే ఎల్లేశ్ ఓమ్ని,
వెనుకద్దం మీద 'స్కూల్ డ్యూటీ' అట్ట తియ్యనేలేదు.
సీటు కింద ఎవరిదో నీలిరంగు నీళ్ల సీసా
మలుపు మలుపుకు అటు దొర్లి ఇటు దొర్లి
మాతోపాటే పట్నం వస్తున్నది.

నలుగురం.
పైసలు కలిపి కొన్నది ఒక్కటే టికెట్టు.
అగ్గిపుల్లలేసి తేల్చుకుందమని నేనంటే
"పుల్లలెందుకు, మొయిజ్ పోతడు" అన్నది కనకరత్నం.
వానికి చెవులున్నయ్ గనుక.

చెవులంటే ఉత్త చెవులు గావు.
బండి ఇంకా గల్లీ మొగదల ఉండంగనే
బేరింగు పోయిందా, బెల్టు జారుతున్నదా
పాన ముట్టకుంట చెప్తడు.
నిద్రల గూడ, రోడ్డు మీద లారీ పోతే
"రెండో గేర్ల గుంజుతున్నడు" అంటడట.
వాళ్లమ్మీ చెప్పి చెప్పి నవ్వుతది.

ఘట్‌కేసర్ల చాయ్. ఉప్పల్ల మెట్రో పిల్లర్లు.
తార్నాక సిగ్నల్ కాడ
ఎల్లేశ్ కూసున్న సీటుల నుంచి పొగ.
ఓమ్నికి ఇంజను సీటు కిందనే గద,
వాడు ఎగిరిన ఎగురుడుకు
ట్రాఫిక్ పోలీసాయన గూడ విజిల్ మరిచిండు.
మొయిజ్ సీటు లేపి, చెవి వంచి,
"ఏం లేదు, దూపైంది దీనికి" అన్నడు.
చల్లారనిచ్చి ఆ నీలి సీసాల నీళ్లు పోసిండు.
రెండో తరగతి పిల్లదేమో అది.
సోమారం పొద్దుగాల అడుగుతది.

లిబర్టీ కాడికే రోడ్లు మూసిండ్రు.
గేటు కాడ తనిఖీ.
మొయిజ్ జేబుల పది నంబర్ పాన.
"రేసు చూడనీకొచ్చినవా, ఇప్పనీకొచ్చినవా?"
అది నా చేతుల పెట్టి లోపటికి పోయిండు.
వాని జేబు వెచ్చదనం ఇంకా దాని మీదున్నది.

మేం ముగ్గురం బయట.
కంచె పొడుగూత పచ్చగుడ్డ కట్టిండ్రు.
నేను బట్టల కొట్లోన్ని:
గుడ్డ అవతల ఏమున్నదో తెల్వదు,
గుడ్డ మీటరు ఎంతో తెలుసు.
టికెట్ లేకుంటనే మాదాక వచ్చింది
హుస్సేన్‌సాగర్ వాసనొక్కటే.

అప్పుడు ఇనొచ్చింది.
చర్ర్‌ర్‌ర్...
వాయిల్ గాదు, మల్లు గాదు, పాప్లిన్.
అంచుకు కత్తెర గాటు పెట్టి
రెండు చేతుల గుంజితె
ఒక్క పోగు తప్పకుండ చినుగుతది సూడు, గది.
ఒకదాని వెనుకొకటి,
ఇరవై తాన్ల దాక లెక్కవెట్టిన.
ఎవలో సాగర్ చుట్టూ
పొద్దును అడ్డంగ చింపుకుంట పోతున్నరు.

"గాలి తప్ప ఏం రాలే" అన్నది కనకరత్నం,
దోసకాయ ముక్కకు కారం అద్దుకుంట.

మొయిజ్ బయటికొచ్చిండు.
పెండ్లికి పోయి తినకుంట వచ్చినోని మొఖం.
"ఎట్లున్నది రా?"
"చప్పుడే లేదు. అన్ని కరెంటు బండ్లు.
ఒక్కటన్న దగ్గలే.
అన్ని మంచిగున్నయో, అన్నిటికి రోగమున్నదో,
నేనెట్ల చెప్పాలె?"

ఉప్పల్ దాటేదాక ఎవలం మాట్లాడలే.
పాన వాని చేతుల పెట్టుకుంట,
నాకు ఇనొచ్చింది చెప్పిన.
"మళ్ల చెప్పు."
చెప్పిన. నోటితోని చేసి గూడ చూపిన.
ఎల్లేశ్ పడి పడి నవ్విండు.
మొయిజ్ నవ్వలే.
బీబీనగర్ల బండి ఆపి
కనకరత్నం సీసా కడిగి, నీళ్లు నింపి
ఎక్కడిదక్కడ పెట్టింది.

సోమారం. షట్టర్ సగమే లేపిన,
కింద నుంచి వంగి వచ్చిండు.
"మీటరు పాప్లినియ్యి."
"ఏం రంగు?"
"ఏదైతేంది. కత్తెరతోని కొయ్యకు, చింపు."

కౌంటర్ మీద మోచేతులు పెట్టి
కండ్లు మూసుకున్నడు.
నూనె మరకల చెవి నా దిక్కు తిప్పి.

చింపిన.

"ఇంకో మీటరు" అన్నడు.
"ఈసారి జర మెల్లగ."