దిష్టిచుక్క

పిల్లల్ని లెక్కపెట్టకూడదనేది మా అమ్మమ్మ,
దిష్టి తగులుతుందని.
ఇక్కడ నా ఉద్యోగమే అది.

ఆల్బనీ దాటి ఇరవై నిమిషాలు.
వెయ్యి అడుగుల కింద తిమింగలం.
తలమీద తెల్లని గరుకు మచ్చలు,
ఏ రెండింటికీ ఒక్కలా ఉండవు.
పక్కన
నీడో, పిల్లో.

"ఇంకో చుట్టు" అన్నాను.
బ్రాన్విన్ రెక్క వంచింది.
ఈ ఒడ్డునే వాళ్ల తాత
తిమింగలాల్ని నూనె పీపాల్లో లెక్కపెట్టేవాడట.

నీడ ఊపిరి వదిలింది.
పిడికెడు తుంపర, అంతే.

దాని తలమీదా ఉంది మచ్చ,
పుడుతూనే పెట్టుకొచ్చిన దిష్టిచుక్క.
కాకపోతే తెలుపు.

పెన్సిల్ కాసేపు కదల్లేదు.
తర్వాత రాశాను:
తల్లి ఒకటి. పిల్ల ఒకటి.

"ట్యాంకు సగానికొచ్చింది" అంది బ్రాన్విన్,
అడక్కుండానే
మరో చుట్టు తిప్పుతూ.