రిమార్కుల గడి

ఒంగోలులో మీటింగు. చల్లటి హాలు, నీళ్ళ సీసాలు,
ఫ్యాను తిరగని సబ్‌సెంటర్ నుంచి వచ్చిన
పొదిలి సిస్టర్ నా పక్కన వణుకుతోంది.
తెర మీద బాణాలు: పల్లె నుంచి మండలానికి,
మండలం నుంచి జిల్లాకి, అక్కణ్ణుంచి ఢిల్లీకి.
వెనక్కి వచ్చే బాణం ఒక్కటీ గీయలేదు.

"పథకాన్ని సంస్కరిస్తున్నాం,
కింద పనిచేసేవాళ్ళు మీరే చెప్పాలి" అన్నాడా అబ్బాయి.
మంచివాడే. బూట్లకు ఎర్రమట్టి అంటి ఉంది,
ఏదో ఒక ఊరికి పోయొచ్చాడన్న మాట.

ఎవరితో మొదలెట్టను?

మాలకొండయ్యకు పద్నాలుగంకెల నంబరు తియ్యాలి.
ముప్పై ఏళ్ళు చీమకుర్తి క్వారీలో రాయి కోశాడు,
రాయి అతని వేళ్ళను కోసుకుంది.
బొటనవేలు పెట్టించాను, చూపుడువేలు పెట్టించాను,
కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్ళీ పెట్టించాను.
ఎర్రగా వెలిగి సరిపోలలేదంది మిషను.
"నేను నేను కాదంటందా అమ్మా ఇది?" అని నవ్వాడు.
ఓటీపీ అల్లుడి ఫోనుకు పోయింది,
అల్లుడు బేల్దారి పనికి బెంగుళూరు పోయాడు.
పొంగిన కాళ్ళు రెండూ చాపుకుని
అరుగు మీద అట్టనే కూర్చున్నాడు మనిషి.

మా ఊళ్ళో ఖాసింబీలు ఇద్దరు,
ఇద్దరి మొగుళ్ళూ మస్తాన్‌లే.
ఒకామె చక్కెర ఇంకొకామెకు ఎక్కింది.
దించే బటను నా కాడ లేదు.
పోయినేడు మట్టి చేసిన నారసమ్మ
ప్రతి సోమవారం ట్యాబులో లేచి కూర్చుంటుంది:
ఫాలోఅప్ పెండింగ్.
చావును ఎక్కించడానికి పైవాళ్ళ లాగిన్ కావాలంట.

అంగీకారం అన్నచోట వేలు పెట్టమంటే
మీరాంబీ గుసగుసగా అడిగింది,
"నా జబ్బు ఎవరెవరు చూస్తారక్కా?"
తెలవదని చెప్పలేక, డాక్టర్లే అన్నాను.
ఆ అబద్ధం ఎందులోనూ నమోదు కాలేదు.

అయినా తీసెయ్యండని నేననను.
ఎనిమిదో నెలలో సువార్తకు ఫిట్స్ వచ్చిన రాత్రి
కాగితాల సంచి ఇంట్లోనే మరిచి ఆటోలో వేసుకుపోయారు.
సాయంత్రం నేను వాటర్ ట్యాంకు మెట్లెక్కి
సిగ్నల్ దొరికే పదో మెట్టు మీద నిలబడి
ఎక్కించిన బీపీ
ఆటో కంటే ముందే ఒంగోలు చేరింది.
ఆ బిడ్డకిప్పుడు రెండేళ్ళు.
నన్ను చూస్తే సూదే అనుకుని ఏడుస్తాడు.

కాబట్టి అబ్బయ్యా, నేనడిగేది పెద్దదేం కాదు.
అటకెక్కించిన నా పాత రిజిస్టర్లో
కుడిచేతి వైపు చివర ఒక గడి ఉండేది. రిమార్కులు.
అందులో నా రాత:
శనక్కాయలు పీకే పనిలో ఉంది, పొద్దుగూకినాక పో.
అత్త ఎదురుగా అడగొద్దు.
ఈ బజారు బోరు నీళ్ళు తాగే పిల్లల పళ్ళు చూడు.
మాత్రలు మింగడం లేదు, బర్రె చచ్చిన దిగులు.

నువ్విచ్చిన ట్యాబులో
అవును, కాదు, వర్తించదు.
బర్రె చచ్చిన దిగులు ఏ బటనయ్యా?

మైకు నా వరస దాకా రాకముందే
భోజనాల టైమైంది.
మీ సూచనలు ఫోన్లోనే పంపండి అన్నారు,
రెండు వందల అక్షరాలకు మించకుండా.
పెరుగన్నం చల్లారే పని లేదు గనక
ప్లేటు పక్కన పెట్టి, ఒక్కో అక్షరం నొక్కాను:

"నొప్పి ఎక్కడో ముందు అడగనివ్వండి, నంబరు తర్వాత. వేళ్ళు అరిగినోళ్ళకు వేరే దారి పెట్టండి. చచ్చిపోయినోళ్ళను పోనివ్వండి. తప్పు దిద్దే బటను తప్పు చేసిన చేతికే ఇవ్వండి. చివర ఒక ఖాళీ గడి, మేము రాసుకునేదానికి, ఎంత చిన్నదైనా స

అక్కడితో ఆగింది.
మిగతాది బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను.